పది పప్పులు

జీడిపిక్కల కార్ఖానాలో అమ్మది ఇరవయ్యేళ్ల పని. తనూ అక్కడే చేరదామని కూతురు వచ్చింది. పరీక్షకిచ్చిన పది పిక్కలూ కొట్టి, పప్పులు పళ్లెంలో పెట్టి, చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. ఒక్క పప్పూ విరగలేదు.

తిరిగొచ్చేసరికి మేస్త్రీ పళ్లెం చూస్తున్నాడు. అన్నీ ముక్కలే.

"మొరటు చెయ్యండీ దానిది. ఈ పనికి రాదు," అంటోంది అమ్మ.

మేస్త్రీ వద్దు పొమ్మన్నాడు. కూతురు ఏడుస్తూ ఇంటికి పోయింది.

సాయంత్రం అమ్మ గడప దాటగానే, "అసలు నువ్వు అమ్మవేనా?" అని అడిగింది.

అమ్మ ఉసూరుమంటూ గోడకు చేరగిలబడింది. జీడి సొన కాల్చిన నల్లటి వేళ్లతో కొంగుముడి విప్పింది. లోపల పది పప్పులు, చెక్కుచెదరకుండా ఉన్నాయి.

"తిను తల్లీ. చాలా బాగా కొట్టావు. అందుకే భయమేసింది."