బోర్లించిన పడవ

"ఇది గొడుగా, బోర్లించిన పడవా?" అన్నాడు స్టూడియో యజమాని.

అతని బల్ల మీద రెండు బొమ్మలున్నాయి. ఒకటి, కొత్త గాయని ఆల్బమ్ కోసం డిజైనరమ్మాయి వేసిన కవరు. వానలో ఎర్ర గొడుగు. రెండోది యజమాని తన ఇంట్లోంచి తెచ్చిన పాత రికార్డు అట్ట. నీలి గీతల నీటి మీద ఎర్ర పడవ. అతను ఆ అట్టను తలకిందులు చేసి కవరు పక్కన పెట్టాడు. రెండూ ఒకే తల్లి బిడ్డల్లా ఉన్నాయి.

డిజైనరమ్మాయి రెండు బొమ్మల్నీ మార్చి మార్చి చూసింది. ఈ కవరు కోసం ఎంత బుర్ర బద్దలు కొట్టుకున్నా ఏమీ తోచక, పాత సామాన్ల కొట్లో రికార్డులు తిరగేస్తుంటే ఆ పడవ కంటబడింది. చేతిలో అట్ట తిరగబడేసరికి గొడుగులా కనిపించింది. బొమ్మ చూసి స్ఫూర్తి పొందాననుకుంది. ఇప్పుడు చూస్తే మక్కీకి మక్కీ దించినట్టుంది.

కవరు సాయంత్రానికల్లా ప్రెస్సుకు వెళ్ళాలి. పడవ గీసిన పెద్దాయన ఊళ్ళోనే ఉన్నాడనీ, ఆయన ఒప్పుకున్నట్టు సంతకం తేకపోతే ఇక ఈ గడప తొక్కనక్కర్లేదనీ యజమాని తేల్చి చెప్పేశాడు.

పెద్దాయన భార్య తలుపు తీసింది. సంగతి వినగానే కవరైనా చూడకుండా వెళ్ళిపొమ్మంది. ఆ రికార్డు వచ్చాక ఆయన మళ్ళీ కవరన్నదే వెయ్యలేదట. ఎవరైనా ఆ పడవను మెచ్చుకున్నా కస్సుమంటారట. ఎందుకో తనకూ చెప్పలేదట.

"ఒక్కసారి చూడనివ్వండి పిన్నిగారూ. తిట్టినా పడతాను," అంది డిజైనరమ్మాయి.

ఆవిడ నిట్టూర్చి దారిచ్చింది. పెద్దాయన పెరటి వసారాలో కుర్చీకి రంగు వేస్తున్నాడు. పడవ పేరెత్తగానే మొహం గంటు పెట్టుకున్నాడు. ఆమె తడబడుతూనే కవరు ముందుకు చాపింది.

"మీ పడవను బోర్లించి గొడుగు చేశానండీ. తప్పు నాదే. మీరు వద్దంటే ఇప్పుడే చింపేస్తాను."

ఆయన చేతులు తుడుచుకుని కవరు అందుకున్నాడు. వెలుతురులోకి పట్టి చూశాడు. కాసేపటికి ఆయన భుజాలు కదిలాయి. కోపంతో ఊగిపోతున్నాడేమోనని ఆమె ఓ అడుగు వెనక్కి వేసింది.

ఆయన నవ్వుతున్నాడు. కళ్ళజోడు తీసి, తుడుచుకుని మళ్ళీ నవ్వాడు. భార్యను కలం తెమ్మని, ఎక్కడ పెట్టాలో అడిగి మరీ సంతకం పెట్టాడు.

డిజైనరమ్మాయికి పోయిన ప్రాణం లేచొచ్చింది. అయినా ఉండబట్టలేక, ఇంతకీ కోపం రాలేదా అని అడిగింది.

"కోపం నీ మీద కాదమ్మా, ఆనాటి ప్రెస్సువాళ్ళ మీద," అన్నాడాయన. "నేను గీసింది గొడుగే. వాళ్ళే తలకిందులుగా అచ్చేశారు."