రెండో మనిషి

"దావీదు ఎవలు బాబూ?"

సర్కసు గేటు దగ్గర మూట పట్టుకుని నిలబడ్డ ఆ మనిషిని కాపలావాడు ఎగాదిగా చూశాడు. నలభై ఏళ్లుంటాయేమో. వెలిసిపోయిన నూలు చీర. చెప్పుల్లేని కాళ్లు.

"ఏం పని?"

"ఒక్క మాట అడగాలె."

"మాటలకు ఇది టైమా అమ్మా? చిరుతపులి తప్పించుకున్నది. దావీదు దాని ఎనుకనే బజారుకు పోయిండు."

ఆమె కూడా అటే నడిచింది.

వరంగల్ బజారులో దుకాణాలన్నీ మూతపడ్డాయి. చిరుత మిర్చి గోదాములో దూరింది. గోదాముకు ముందొక తలుపు, వెనకొక తలుపు. వెనక తలుపుకు ఆనించి సర్కసు వాళ్లు ఇనుప బోను నిలబెట్టారు.

ఒక మనిషి ముందు తలుపు గుండా లోపలికి పోయి, కాగడాతో చిరుతను బోనులోకి తోలాలి. అది బోనులో పడగానే, పక్కన నిలబడ్డ రెండో మనిషి జారుడు తలుపు దించాలి.

బోను గడియ ఎప్పుడో విరిగింది. యుద్ధం రోజులు, ఇనుము దొరకడం లేదని యజమాని కిషన్ రావు బాగు చేయించలేదు. బయటి నుంచి గొలుసు చుట్టేదాకా తలుపును చేత్తో అణిచి పట్టుకోవాల్సిందే.

లోపలికి పోయేది దావీదు.

రెండో మనిషి దొరకలేదు.

"ఎవడన్నా రాండ్రిరా!" కిషన్ రావు అరిచాడు.

సర్కసు వాళ్లు నేలచూపులు చూశారు. చివరకు వంటవాడు నోరు విప్పాడు.

"వీని కోసం ఎవడు నిలబడ్తడు దొరా? బెజవాడ క్యాంపుల సుందర్ లోపలుంటే, తలుపు ఇడిసిపెట్టి ఉరికింది వీడే గద!"

"సుందర్ సచ్చిండని ఇంటికి పోయి చెప్పెతందుకు మొఖం లేక, ఆయన అంగి ఎవనితోనో పంపిచ్చిండు," అన్నాడు ఇంకొకడు.

దావీదు తల ఎత్తలేదు. కాగడాకు గుడ్డ చుడుతున్నాడు. ఇరవై ఐదేళ్లు కూడా ఉండవు.

"పోలీసోల్లను పిలిచి కాల్పిద్దాం దొరా," అన్నాడు వంటవాడు.

"నా సర్కసుకు ఉన్నదే అదొక్కటి. రెండో మనిషి లేకుంటే లేడు. దావీదూ, పోతవా లేదా?"

దావీదు లేచాడు.

"నేను నిలబడ్త."

అందరూ వెనక్కి తిరిగారు. మూట పట్టుకున్న ఆమె.

"సర్కసుల చేరుతదట!" ఎవరో నవ్వారు. "రేపటి సంది తీగ మీద నడుస్తది."

దావీదు నవ్వలేదు. "వద్దక్కా. ఊచల సందుల నుంచి పంజా ఇసుర్తది. భయమైతే చెయ్యి దానంతట అదే ఇడుస్తది. నాకు ఎరికే."

ఆమె అతని మొఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది.

తర్వాత మూట కింద పెట్టింది. చీర కొంగుతో తన మణికట్టును తలుపు పిడికి కట్టుకుంది. ముడిని పళ్లతో బిగించింది.

"ఇగ ఇడువది."

"నా కోసం ఎందుకక్కా ఇదంత?"

"నిన్నొక మాట అడగాలె తమ్మీ. ముందుగాల బతికి రా."

దావీదు లోపలికి పోయాడు.

చిరుత మళ్లీ వీధిలోకి దూకుతుందని గోదాము షావుకారుకు భయం. ముందు తలుపుకు బయట తాళం వేసి, తాళంచెవితో మిద్దె ఎక్కాడు. వద్దన్న వాడు లేడు.

లోపల మిర్చి ఘాటుకు దగ్గు. ఒక కేక. ఒక గర్జన.

చిరుత బాణంలా బోనులో పడింది.

ఆమె తలుపు దించింది.

దారి మూసుకుపోయిందని దానికి అర్థమైంది. తిరిగి ఆ తలుపు మీదే పడింది. ఊచల సందులోంచి పంజా విసిరింది.

ఆమె భుజం కూడా తలుపుకు ఆనించింది.

"దావీదూ, గొలుసు!" దూరం నుంచే అరిచాడు కిషన్ రావు.

దావీదు ముందు తలుపును లోపలి నుంచి బాదుతున్నాడు. "తాళం తియ్యుండ్రి! తాళం!"

"బోనుల పడ్డదా?" మిద్దె మీది నుంచి షావుకారు అడిగాడు. "ఒట్టేనా? మల్లొకసారి చూసి చెప్పుండ్రి!"

"ఇడిసిపెట్టి ఉరుకమ్మా!" జనంలోంచి ఎవరో అన్నారు.

"లోపల మనిషున్నడు," అంది ఆమె.

ఎట్టకేలకు షావుకారు తాళంచెవి కిందికి విసిరాడు. ఎవరో తలుపు తీశారు.

దావీదు పరుగున వచ్చి గొలుసు చుట్టేసరికి ఆమె నిలబడి లేదు. కొంగు ముడికి వేలాడుతోంది. తలుపు మాత్రం దిగే ఉంది.

కత్తితో ముడి కోసి, ఆమె తలను ఒళ్లో పెట్టుకున్నాడు.

"అక్కా, ఏదో అడగాలంటివి. అడుగక్కా."

పెదవులు కదిలాయి. మాట రాలేదు. తర్వాత పెదవులూ కదల్లేదు.

కిషన్ రావు బోను చుట్టూ తిరిగి చూశాడు. "చిరుతకేం దెబ్బ తగల్లే గద?"

"ఏ ఊరో, ఎవల మనిషో," అన్నాడు వంటవాడు.

ఆమె ఇంటివాళ్లకు కబురు చేయాలని దావీదు మూట విప్పాడు.

రెండు జొన్నరొట్టెలు, వాటి కింద, వీపు మీది చిరుగులన్నీ సన్నగా కుట్టి, ఉతికి మడత పెట్టిన ఖాకీ అంగి: డోర్నకల్‌లో సుందర్ భార్యకు ఇమ్మని తాను పంపిన అంగి.