ముప్పై తలుపులు

"ఆపరేషనోళ్ళు వచ్చారే!"

లోపల గడియ పడింది. ఆ వీధిలో అది నాలుగో తలుపు.

అచ్చువేయించిన ప్రశ్నల కాగితాలు పట్టుకుని భారతీదేవి ఎండలో నిలబడిపోయింది.

ఎమర్జెన్సీ పోయి ఏడాది దాటింది. అయినా జగ్గయ్యపేటలో కాగితం పట్టుకుని పిల్లలెంతమందని అడిగితే కుటుంబ నియంత్రణవాళ్ళ కిందే లెక్క.

ఆమె నందిగామ హైస్కూల్లో టీచరు. ప్రైవేటుగా సైకాలజీ ఎం.ఏ. చదువుతోంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లులు ముప్పైమందితో ఈ వేసవి సెలవుల్లోనే మాట్లాడి పరిశోధన వ్యాసం రాయాలి. లేకపోతే పట్టా రాదు.

పట్టా కంటే పెద్ద కారణం ఒకటుంది. అయిదేళ్ళ క్రితం, ఈ ఊళ్ళోనే కాపురమున్నప్పుడు, ఆమె నాలుగేళ్ళ కూతురు మణి విషజ్వరంతో పోయింది. పలకరించడానికి వచ్చినవాళ్ళలో ఒక్కరికీ ఎలా పలకరించాలో తెలియలేదు. భర్త వెంకటరత్నం ఆనాటి నుంచి ఇంట్లో ఆ పేరే ఎత్తలేదు.

అలాంటి తల్లి ఎదుట కూర్చుని మాట్లాడడం ఎలాగో నేర్చుకోవాలని ఆమె పట్టుదల.

"అట్టా అడిగితే చెప్పరమ్మా."

వీధికి అవతల గోడవారగా ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. తలకు తువ్వాలు చుట్టుకున్నాడు.

"మరెలా అడగాలి?" ఆమెకు చిరాకేసింది.

"మొదట ఏం అడుగుతున్నారండీ?"

"పిల్లలెంతమంది అని. బిడ్డను పోగొట్టుకున్న తల్లులతో మాట్లాడాలి నేను."

"పుట్టినోళ్ళా, దక్కినోళ్ళా?"

ఆమె కాగితం వంక చూసుకుంది. అందులో ఒక్క గడే ఉంది.

"లెక్క అడగమాకండమ్మా. పోయిన బిడ్డ పేరు పెట్టి అడగండి. అడిగి, ఊరుకోండి."

"ఊరుకుంటే?"

"వాళ్ళే చెబుతారు. ఆ పేరు పలికే మనిషి కోసం చూస్తా ఉంటారండీ."

ఆయన పేరు శాంతయ్య. ఇళ్ళు తనే చూపిస్తానని ముందు నడిచాడు.

"ఈ ఇంట్లో పిల్లోడు కోటేశు. మూడేళ్ళోడు," అని చెప్పి, వీధికి అవతలే ఆగిపోయాడు.

"నువ్వూ రా తాతా. ఎండలో ఎందుకు?"

"నాకు అలవాటైన ఎండేలెండి. మీరు పోయిరండి."

అరుగు మీది పెద్దాయన కాగితాలు చూసి కసరబోయాడు. ఇంతలో ఆయన చూపు వీధి అవతలికి పోయింది. నోటి దాకా వచ్చిన మాట ఆగింది. భుజం మీది కండువా తీసి చేత్తో పట్టుకున్నాడు.

"అమ్మాయ్, పీట వెయ్యి. ఈవిడ అడిగింది చెప్పు," అన్నాడు లోపలికి చూసి.

కోడలు వచ్చి గుమ్మం పక్కన కూర్చుంది.

"కోటేశు ఎలా ఉండేవాడమ్మా?"

అడిగి, భారతీదేవి ఊరుకుంది.

ఆ కోడలు గంటసేపు మాట్లాడింది. మధ్యలో రెండుసార్లు నవ్వింది కూడా.

అలా ఇరవై రోజులు గడిచాయి. ముక్త్యాల రోడ్డు వైపు కొన్ని ఇళ్ళు, బస్టాండు వెనక కొన్ని. ఆమె బస్సు దిగేసరికి శాంతయ్య సిద్ధంగా ఉండేవాడు. ఏ ఇంట్లో ఏ బిడ్డో, పేరేమిటో తడుముకోకుండా చెప్పేవాడు. ఒక పాప గురించి, "పసుప్పచ్చ గౌనమ్మా ఆ పిల్లది," అన్నాడు. ఏ ఇంటి గడపా తొక్కలేదు.

"ఇన్ని ఇళ్ళ సంగతి నీకెలా తెలుసు తాతా?" అని ఒకసారి అడిగింది.

"ఊరన్నాక తెలవదా అమ్మా!"

ఆమె మళ్ళీ అడగలేదు. అడగాల్సినవన్నీ ఆ ఇళ్ళల్లోనే ఉన్నాయనుకుంది.

ముప్పయ్యో తల్లి, వెళ్ళొస్తానంటే చెయ్యి వదల్లేదు.

"మళ్ళీ రా తల్లీ. ఈసారి ఆ కాయితాలు లేకుండా రా."

ప్రొఫెసరు వ్యాసం చదివి మెచ్చుకున్నారు. ఒక్కచోట మాత్రం ఎర్రసిరాతో రాశారు: "ఈ ముప్పై ఇళ్ళు ఎలా దొరికాయి? చూపించినవారి పేరు, వృత్తి రాయండి."

రాయడానికే కాదు, చేతులెత్తి ఒక దండం పెట్టడానికి కూడా ఆమె మళ్ళీ పేట వెళ్ళింది. బస్టాండులో శాంతయ్య కనిపించలేదు.

"శాంతయ్యా? పోయాడుగా అమ్మా. దసరా ముందు," అన్నాడు టీకొట్టు ఆయన.

భారతీదేవి బల్ల మీద కూర్చుండిపోయింది. సంచిలోంచి కాగితం తీసి అడిగింది.

"ఏం పని చేసేవాడు?"

అతను కడుగుతున్న గ్లాసు పక్కన పెట్టాడు.

"పొద్దున్నే ఆ మాటెందుగ్గానీ, కూలోడని రాసుకోండమ్మా."

ఇంటికొచ్చి ఆమె కృతజ్ఞతల పేజీలో మొట్టమొదట ఆ పేరే రాసింది. "శాంతయ్య, కూలీ, జగ్గయ్యపేట. ఎలా అడగాలో, ఎలా వినాలో నాకు నేర్పిన గురువు."

వెంకటరత్నం దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది. వ్యాసానికి శుద్ధప్రతి ఆయనే రాస్తున్నాడు. ఆ పేజీ దగ్గర ఆయన కలం ఆగింది.

"కూలీ అన్న మాట కొట్టెయ్యి."

"ఆయన మీకు తెలుసా?"

వెంకటరత్నం కలానికి మూత పెట్టాడు. మళ్ళీ తీశాడు. ఆమె తొందరపెట్టలేదు.

"ఆడవాళ్ళు అక్కడికి రారు, నీకు తెలిసే దారి లేదు," అన్నాడు చివరికి. "పేటలో పోయిన పసిపిల్లలందరికీ గుంట తీసి పడుకోబెట్టింది ఆయనే భారతీ, మన మణిని కూడా ఆయన చేతుల్లోనే పెట్టి వచ్చా."