బావగారి తలుపు

పెరటి షెడ్డు తలుపు ఊడి, ఆవిడ కాళ్ళ మీద పడబోయి పక్కకి పడింది. తప్పించుకున్నందుకు సంతోషించాల్సింది పోయి, ఆవిడ అన్న మొదటి మాట ఇది.

"పక్కింటి అన్నయ్యని పిలుస్తానండీ. ఒక్క పూటలో కొత్తది పెట్టేస్తారు."

ఆవిడ మొగుడికి, అంటే మన గుమాస్తాకి, ఒళ్ళు మండింది. పక్కింటాయన వడ్రంగి మేస్త్రి. ఆయన ఊసు ఎత్తకుండా ఆవిడకి పొద్దు గడవదు. కుర్చీ కాలు ఊగితే అన్నయ్య, కిటికీ బిగుసుకుంటే అన్నయ్య. అన్నయ్య చేతిలో చెక్క చెప్పిన మాట వింటుందట. అన్నయ్య అబద్ధం ఆడరట. పన్నెండేళ్ళ కాపురంలో మొగుణ్ణి ఇందులో పావు వంతు మెచ్చుకున్న పాపాన పోలేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, "మీ చెయ్యి మంచిదండీ" అని ఆవిడ నోట అనిపించుకోవాలని అతని ఆశ.

"ఎవర్నీ పిలవక్కర్లేదు. నేనే చేస్తాను," అన్నాడు.

ఆవిడ నవ్వాపుకోలేక చెయ్యి అడ్డం పెట్టుకుంది. అద్దం తగిలించడానికి అతను మేకు కొడితే గోడ పెచ్చు ఊడి మంచం మీద పడిన సంగతి గుర్తు చేసింది. చెల్లెలింటికి వెళ్ళి సాయంత్రానికి వస్తానని, వేళ్ళు జాగ్రత్త అని చెప్పి వెళ్ళిపోయింది.

అతనికి పంతం పట్టుకుంది. ద్వారబంధాన్ని మూడు చోట్ల కొలిచాడు. పలకలు కొని తెచ్చి, కోసి, చిత్రిక పట్టి, పక్కపక్కన పేర్చాడు. నమూనా కోసం ఎక్కడికీ పోనక్కర్లేకపోయింది. పిట్టగోడ మీంచి చూస్తే మేస్త్రి షెడ్డు తలుపు కనిపిస్తుంది, ఆవిడ రోజూ పొగిడే తలుపే. దాన్ని చూసి ఏళ్ళ తరబడి కుళ్ళుకున్నవాడు కాబట్టి ఏ అంగుళంలో ఏముందో ఇట్టే పట్టేశాడు. పైనా కిందా అడ్డపట్టీలు, మధ్యలో ఏటవాలుగా ఇంకో పట్టీ, పట్టీకి మూడు వరసల మరలు, గుండ్రంగా నున్నటి అంచులు. అన్నీ అచ్చంగా దించేశాడు. ఏటవాలు పట్టీ ఒక్కటే తిరగేసి బిగించాడు. తలుపుని ఒక పక్క పట్టి లేపగానే రెండో పక్క వేలెడు కిందికి జారింది. మళ్ళీ గోడ మీంచి తొంగిచూశాడు. పట్టీ కింది కొస మడతబందుల వైపు ఉండాలి, తలుపు బరువంతా అటు పోవాలి. తనని తానే తిట్టుకుంటూ ఊడదీసి మళ్ళీ బిగించాడు.

తలుపేమో బరువు, మనిషేమో ఒక్కడు. మేస్త్రి గోడ మీంచి తల పెట్టి, సాయం రమ్మంటారా బావగారూ అని నవ్వాడు. ఆ వరసంటేనే గుమాస్తాకి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. అక్కర్లేదన్నాడు. తలుపు కింద చెక్కముక్కలు దోపి, కాలితో తోస్తూ కాస్త కాస్తగా లేపి, భుజంతో ఆనించి పట్టుకుని బందులు బిగించాడు. బొటనవేలు నలిగింది. అయినా కిక్కురుమనలేదు, గోడ అవతల మేస్త్రి వింటాడని.

నాలుగింటికి చెక్కముక్కలు లాగేశాడు. తలుపు జారలేదు. తోస్తే తెరుచుకుంది, వదిలిన చోట ఆగింది, చప్పుడన్నది లేదు.

ఈసారి మేస్త్రి గోడ దగ్గర ఆగకుండా గేటు తీసుకుని వచ్చాడు. తలుపు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. సందులో గోరు పెట్టి చూశాడు. నిజంగా ఒక్కరే నిలబెట్టారా అని రెండుసార్లు అడిగాడు. ముప్పై ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్నా తన మొదటి తలుపు ఇలా కుదరలేదని మెల్లిగా అన్నాడు. మొహంలో నవ్వు లేదు. ఇన్నేళ్ళు తనకి ఎక్కడ మండిందో ఇవాళ మేస్త్రికీ అక్కడే మండుతోందని గుమాస్తా కనిపెట్టాడు. కడుపు నిండిపోయింది.

అప్పుడే ఆవిడ వచ్చింది. కొత్త తలుపుని చూసింది, దాని మీద చెయ్యి వేసి నిలబడ్డ మేస్త్రిని చూసింది. మొహం వెలిగిపోయింది.

"ఎంత బాగా చేశారన్నయ్యా. సెలవు రోజని కూడా చూడకుండా."

"చేసింది నేను," అన్నాడు గుమాస్తా.

"ఊరుకోండి. ఆ అంచులు చూస్తే తెలియడం లేదూ, ఎవరి చెయ్యో. అచ్చం వాళ్ళ తలుపులాగే ఉంది."

అతను నలిగిన బొటనవేలు చూపించాడు. అన్నయ్యకి సాయం చెయ్యబోయి నలగ్గొట్టుకున్నారా అని ఆవిడ జాలిపడింది. ఇక మిగిలిన సాక్షి ఒక్కడే. జన్మలో మొదటిసారి అతను మేస్త్రి వైపు ఆశగా చూశాడు.

"అబద్ధం ఆడడంటావుగా. మీ అన్నయ్యనే అడుగు."

ఆవిడ మేస్త్రి వైపు తిరిగింది. మేస్త్రి తలుపుని పైనుంచి కిందిదాకా ఒకసారి తడిమాడు. తర్వాత గుమాస్తాని చూసి చిన్నగా నవ్వాడు.

"పోనీలే చెల్లెమ్మా, బావగారే చేశారనుకో."