కంపెనీ టర్నౌట్ చేసింది

ఆ పొద్దున మబ్బు పట్టింది గానీ చినుకు రాలలేదు. కుకునూరుపల్లిలో దుర్గవ్వ రోడ్డు మీద ధర్నాగా చేసే వంటావార్పు కోసం బియ్యం మూట నెత్తికెత్తుకోబోతుంటే దుబాయి నుంచి ఫోనొచ్చింది. భర్త పర్శరాములు గొంతు కాదు. అతని గదిలో ఉండే ఫిలిప్పీను మనిషిది. ఇంగ్లీషు తప్ప ఇంకో మాట రాదు. పదో తరగతి చదివే కూతురు రోజారాణి ఫోను లాక్కుంది. రెండు ముక్కలు వినేసరికి లైను తెగిపోయింది. తిరిగి చేస్తే స్విచాఫ్.

"ఏమన్నడే?"

"కంపెనీ బాపును టర్నౌట్ చేసిందట."

"అంటే?"

"తయారు చేసుడు. మిల్లు గుడ్డలు టర్నౌట్ చేస్తదని సారు చెప్పిండు."

పక్కింటి రామవ్వ పకపకా నవ్వింది. "మనిషినెట్ల తయారు చేస్తరే? మీ బాపేమన్న టువ్వాలనా?"

రోజారాణి వెనక్కి తగ్గలేదు. "మేస్త్రీగ తయారు చేసిన్రేమో!"

"గట్ల చెప్పు! ఇగ దావత్ ఇయ్యాలె దుర్గా."

దుర్గవ్వ మూట నెత్తికెత్తుకుంది. దసరాకు అగ్రిమెంటు అయిపోతుంది, ఇక వచ్చేస్తానని పర్శరాములు మాటిచ్చాడు. ఆ మాట పట్టుకునే ఆమె రోజులు నెట్టుకొస్తోంది. మేస్త్రీని చేశాక కంపెనీ పంపుతుందా? పంపినా అతను వదిలి వస్తాడా?

మధ్యాహ్నం రాజీవ్ రహదారి మీద పొయ్యిలు అంటించారు. అటూ ఇటూ బండ్లన్నీ ఆగిపోయాయి. జై తెలంగాణ అంటూ జనం అరుస్తుంటే, రామవ్వ ఆ సందట్లోనే ఊరందరికీ కబురు చేరేసింది.

"మేస్త్రీ పెండ్లామా, జర ఉప్పు సూడరాదు!" పక్క పొయ్యి కాడి నుంచి ఒకామె కేకేసింది.

దుర్గవ్వ గంటె తిప్పుతూ మొహం పొగ వైపు పెట్టింది. అక్కడైతే కండ్లెందుకు తడిశాయని ఎవరూ అడగరు.

ఆగిన జీపుల వెనక నుంచి ఒక మనిషి బ్యాగు మోసుకుంటూ నడిచి వస్తున్నాడు. పర్శరాములు!

"బాపూ!" రోజారాణి ఉరికింది. "మేస్త్రీవైనవట గదా?"

"మేస్త్రీ ఏందే?" అతను తల వంచుకున్నాడు. "పని లేదని ఎల్లగొట్టిన్రు బిడ్డా. రాత్రే ఇమానమెక్కించిన్రు. మల్ల రానియ్యరు."

రామవ్వ నవ్వు ఆగిపోయింది. "టర్నౌట్ అంటే ఎల్లగొట్టుడు గూడనా..." రోజారాణి గొణిగింది.

దుర్గవ్వ రోడ్డు మీదే విస్తర్లు పరిచి అన్నం పెట్టింది. ముగ్గురూ పక్కపక్కన కూర్చుని తిన్నారు. పర్శరాములు తల ఎత్తలేదు. దుర్గవ్వ నోరు విప్పలేదు, విప్పితే ఎక్కడ నవ్వేస్తానోనని.