నరమానవుడు

"ఈ దినానికి నరమానవుడు రాడు, సూస్తూ ఉండు," అంది బుల్లమ్మ పులుసు కలుపుతూ.

ఆమె మొగుడు దాలయ్య పీట వాల్చాడు. రాయగడ మున్సిపాలిటీ శ్మశానంలో గోతులు తవ్వే పని అతనిది. పది రోజుల కిందట, ఇవాళ దినం పెడుతున్న మనిషికి గొయ్యీ తనే తవ్వాడు. మట్టీ తనే ఇచ్చాడు. సెలవు అడిగితే ఆఫీసులో, "పోయినాయన నీకేమవుతాడు?" అన్నారు.

"మావోడే," అన్నాడు.

మనవరాలు లిప్సా చదివేది ఒడియా బడిలో. తెలుగు మాటలు తాతనే అడుగుతుంది.

"నరమానవుడంటే ఏటి తాతా?"

"మనిసే అమ్మీ. ఏ మనిసైనా."

"మరి ఎవులూ నేకపోతేనే అంటారేటి? నరమానవుడు వచ్చేడని ఎవులూ అనరు కదా."

దాలయ్య అడ్డాకు విస్తరి తుడిచాడు.

అంతలో పక్కింటి తిరుపతిరావు గుమ్మంలోకి వచ్చాడు.

"మామ్మా, నరమానవుడు వచ్చేడు," అని లోపలికి చెప్పింది లిప్సా.

"నన్నేనా అమ్మీ?" అంటూ అతను కూర్చున్నాడు. ఎదురుగా పీట మీద పోయినాయన రబ్బరు చెప్పులు ఒక జత, గళ్ళ తువ్వాలు ఉన్నాయి.

"ఫోటో ఏది బావా?"

"నేదు."

"ఆడి వైపోళ్ళు?"

"కబురందనేదు."

"పప్పూ, ఎండుసేపలూ రెండూ వండీసినావేటక్కా?"

"ఏది ముడతాడో మరి," అంది బుల్లమ్మ.

దాలయ్య విస్తరి తీసుకెళ్ళి గోడ మీద పెట్టాడు. రేకుల మీద కాకి ఉంది. చూసింది. దిగలేదు. అన్నం ఆవిరి చల్లారిపోయింది.

"కోరికేదో మిగిలిపోనాది. మాటియ్యి బావా," అన్నాడు తిరుపతిరావు. "పెళ్ళాం పిల్లల్ని సూసుకుంటానని సెప్పు."

దాలయ్య విస్తరిని కాకి వైపు జరిపాడు. బుల్లమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి అతని పక్కన నిలబడింది. కాకి మెడ అటు తిప్పుకుంది.

"నరమానవుడు నేకుండా మట్టిలోకి పోనేదు నువ్వు," అన్నాడు దాలయ్య, మెల్లగా. "మేవున్నాం. ఏడాదికోపాలి ముద్ద పెడతాం."

కాకి దిగింది. పప్పన్నం దాటి, చేప ముక్క అందుకుని ఎగిరిపోయింది.

"ఎండుసేపే ఇష్టం," అంది బుల్లమ్మ, చెంగుతో కళ్ళు ఒత్తుకుంటూ. "గురుతెట్టుకోయే లిప్సా."

లిప్సా తలూపింది.

పోయినవాడి పేరు ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.