సందేహాల తాత

సందేహాల తాత మళ్లీ చెయ్యెత్తాడు.

గదిలో సగంమంది నిట్టూర్చారు. మిగతావాళ్లు కిసుక్కున నవ్వారు.

"అమ్మా, ఇంటర్వ్యూలో వాళ్లడిగింది అర్థం కాకపోతే మళ్లీ అడగమనొచ్చా? రెండోసారీ అర్థం కాకపోతేనో?"

టీచరమ్మ మాత్రం నవ్వలేదు. "మంచి మాట అడిగారు" అంటూ బోర్డు దగ్గరికి నడిచింది.

వెనకవరసలో కూర్చున్న డెంటిస్టుకి ఒళ్లు మండిపోయింది.

దేశంకాని దేశం వచ్చి ఉద్యోగం వెతుక్కునేవాళ్లకి లైబ్రరీ మేడమీద వారం వారం ఉచితంగా చెప్పే క్లాసు అది. ప్లాస్టిక్ కుర్చీలు, సరిగ్గా మూతపడని కిటికీ. అక్కడ కూర్చున్నవాళ్లంతా ఒకప్పుడు ఎక్కడో ఒకచోట గొప్పగా బతికినవాళ్లే. లెక్కల మాస్టారు, బ్యాంకు మేనేజరు, ఇళ్లకి ప్లాన్లు గీసినావిడ.

ఈవిడేమో పళ్ల డాక్టరు. సొంత ఊళ్లో సొంత క్లినిక్. వీధిలో కనబడితే "బాగున్నారా డాక్టరమ్మా" అనకుండా ఎవరూ దాటేవాళ్లు కాదు. భర్త ఉద్యోగం ఇక్కడికి మారితే వెంట వచ్చింది. మీ డిగ్రీ ఇక్కడ చెల్లదన్నారు. పరీక్షలన్నీ మళ్లీ రాయాలన్నారు. అందాకా కావాలంటే ఎవరి దగ్గరైనా అసిస్టెంటుగా చేరమన్నారు.

పళ్లు పీకిన చేత్తో పళ్లేలు అందించాలా!

మొన్న కూతురు బడినుంచి వచ్చి అంది: "మీ అమ్మలు ఏం చేస్తారని టీచర్ అడిగింది. మా అమ్మ ఇంట్లో ఉంటుందని చెప్పాను. కరెక్టేనా అమ్మా?"

"కరెక్టే" అంది. వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి, నీళ్లు పారుతుంటే ఊరికే చూస్తూ నిలబడింది.

అలాంటి మనిషికి ఆ క్లాసులో ప్రతి నిమిషమూ విలువైనదే. ఈ తాతేమో ముందువరసలో కూర్చుని, కదిలే కింది పన్ను కనబడేలా నవ్వుతూ, సందేహం తీరేదాకా వదలడు.

"ఇంటర్వ్యూలో ఏడుపొస్తే ఏం చేయాలమ్మా?"

"నాకన్నా చిన్నవాళ్లు పేరుపెట్టి పిలిస్తే పలకాలా?"

"ఇన్నాళ్లూ ఖాళీగా ఎందుకున్నావంటే ఏం చెప్పాలి?"

ఓరోజు బ్రేకులో, కాఫీ మెషీన్ దగ్గర డెంటిస్టు ఇక ఉండబట్టలేకపోయింది.

"ఏమీ అనుకోకండి తాతగారూ. మీ సందేహాలతోనే క్లాసంతా అయిపోతోంది. అయినా ఈ వయసులో మీకు ఉద్యోగం ఎవరిస్తారు చెప్పండి?"

అనేశాక నాలుక కరుచుకుంది.

ఆయన నొచ్చుకోలేదు.

"నిజమే తల్లీ. ఇంకొక్కటి అడిగేసి నోరు మూసుకుంటాను."

బ్రేకు అవగానే అడిగాడు.

"అమ్మా, మా ఊళ్లో నన్నందరూ సార్ అనేవాళ్లు. ఇక్కడ నేను ఎవరి కిందో చిన్న పనిలో చేరాననుకో, మరి ఆ సార్ ఏమైపోతాడు?"

ఈసారి ఎవరూ నవ్వలేదు.

టీచరమ్మ గదంతా కలియజూసి, "డాక్టరుగారూ, మీరు చెప్పండి" అంది.

ఈ దేశంలో ఆ పిలుపు వినడం అదే మొదలు. డెంటిస్టు లేచి నిలబడింది.

"ఎక్కడికీ పోడు సార్" అంది. "చేతికి తెలిసిన పని చేతిలోనే ఉంటుంది. దాన్ని ఒళ్లో పెట్టుకుని ఖాళీగా కూర్చుంటేనే... మెల్లమెల్లగా పోతాడు."

తన మాట తనకే తగిలింది.

ఆ వారమే ఒక క్లినిక్‌లో అసిస్టెంటు పనికి అప్లై చేసింది.

ఇంటర్వ్యూలో, తనకన్నా బాగా చిన్నదైన డాక్టరు గడగడా ఏదో అడిగింది. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

"క్షమించండి, మరోసారి అడుగుతారా?"

అడిగింది. ఇంకా సగమే అర్థమైంది.

"నాకిలా అర్థమైంది, సరేనా?" అని ఆ సగమే తిరిగి చెప్పింది. చిన్న డాక్టరు తలూపి మిగతాది నిదానంగా చెప్పింది.

ఇన్నాళ్లూ ఖాళీగా ఎందుకున్నారని కూడా అడిగారు. దానికీ జవాబు సిద్ధంగా ఉంది. మధ్యలో కళ్లు చెమ్మగిల్లబోయాయి. తొందరపడకుండా గ్లాసందుకుని మంచినీళ్లు తాగింది.

ఉద్యోగం వచ్చింది.

మొదటిరోజే, కుర్చీలో భయంతో బిగుసుకుపోయిన ఒకావిడ చెయ్యి పట్టుకుని, సూది గుచ్చడం అయ్యేదాకా కబుర్లలో పెట్టింది.

"మీకిది కొత్త కాదు కదూ" అంది చిన్న డాక్టరు.

"కాదు" అంది, చాలా రోజుల తర్వాత తల పైకెత్తి.

బస్సులో ఇంటికెళ్తుంటే తట్టింది. తనని గట్టెక్కించిన జవాబుల్లో ఒక్కటీ తను అడిగి తెలుసుకున్నది కాదు. అన్నీ ఆ తాత అడిగినవే.

సెలవు దొరకగానే లైబ్రరీ మెట్లెక్కింది. క్షమించమని అడగాలి. ఆ కదిలే పన్ను సంగతి చూడమని తన డాక్టరుకి అప్పుడే చెప్పిపెట్టింది కూడా.

ముందువరసలో కుర్చీ ఖాళీగా ఉంది.

"తాతగారు ఇంకా రాలేదా?"

"కిందటి వారం కన్నుమూశారమ్మా" అంది టీచరమ్మ. "నిద్రలోనే."

డెంటిస్టు పక్క కుర్చీలో కూలబడింది.

"ఆరోజు అంత మాట అనకుండా ఉండాల్సింది. పాపం, చివరికి ఆయనకి ఉద్యోగం దొరకనేలేదు."

టీచరమ్మ చేతిలోని డస్టరు బల్లమీద పెట్టింది.

"ఆయనకి ఉద్యోగమెందుకమ్మా? ఈ క్లాసు పెట్టిందే ఆయన, కొత్తగా వచ్చిన రోజుల్లో నాకిక్కడ పాఠం చెప్పిందీ ఆయనే. ఓపిక తగ్గి బోర్డు నాకప్పగించాక, మీరంతా సిగ్గుపడి అడగలేనివి తనే అడగాలని వచ్చి మీ మధ్య కూర్చునేవారు."